ఆమెన్ మాత్రమే వచ్చిన మనిషి

ముప్ఫై ఒక్క ఏళ్ళ పాటు ఆ ఇంట్లో ప్రార్థన ఇద్దరు కలిసి చేసే పని. భార్య చేసేది, భర్త "ఆమెన్" అనేవాడు. అంతే పంపకం. పెళ్ళయిన మొదటి వారం ఆవిడ "మీరు చెయ్యండి" అంటే, ఈయన "నాకు రాదు, నువ్వే చెయ్యి" అన్నాడట. ఆ మాట అలాగే ఖాయమైపోయింది. గ్యాసు బండ ఎవరు మార్చాలి, కరెంటు ఆఫీసుకి ఎవరు వెళ్ళాలి అనేది ఏ ఇంట్లోనూ ఎవరూ కూర్చుని నిర్ణయించరు. దానంతటదే స్థిరపడిపోతుంది. ఇదీ అంతే.

మనిషి ఫ్రిజ్జుల మెకానిక్కు. అరవైకి దగ్గర్లో ఉన్నాడు. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, సరిగ్గా ఆ బాపతు. వీధిలో వాళ్ళకి ఆయన ఫ్రిజ్జు మావయ్య. చర్చిలో పిల్లలు మాత్రం చాటుగా "ఆమెన్ తాత" అనుకుంటారు. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఊపిరి పీల్చుకోడానికి ఆగినా సరే, వెనక వరసలోంచి ఈయన ఆమెన్ ఠంచనుగా వచ్చి పడుతుంది మరి.

ఆవిడ ప్రార్థన మాత్రం వినవలసిందే. సాయంత్రం ఈయన దుకాణం కట్టేసి రాగానే ముందు గదిలో కుట్టు మిషను పక్కన చాప పరిచేది. ఇక మొదలు! పక్కింటమ్మాయి పరీక్షలు, ఎదురింటాయన కాలు వాపు, కారుతున్న కుళాయి, ఆ తర్వాత తన కోపాలు, తన దిగుళ్ళు. ఏదీ దాచేది కాదు. "మా తోడికోడలి మెడలో గొలుసు చూసి కుళ్ళుకున్నాను ప్రభువా. గొలుసు బాగుంది, నా బుద్ధే బాగోలేదు" అని గట్టిగా చెప్పేసిన మనిషి ఆవిడ.

మధ్యలో ఈయన సంగతీ వచ్చేది. "ఈయన మొహం పొద్దుటి నుంచి మాడిపోయి ఉంది తండ్రీ. పదిహేనేళ్ళ పాత గిరాకీ కొత్త షాపుకి వెళ్ళిపోయాడు. ఈయనకి చిన్నతనంగా ఉంది. నాకు చెప్పడు, నీకూ చెప్పడు. అందుకని నేనే చెప్తున్నాను." ఈయన ఒక కన్ను తెరిచి భార్య వైపు చూసేవాడు. ఓహో, నాకు చిన్నతనంగా ఉందన్నమాట! ఛాతీలో బరువుగా ఉంటే తిన్నది అరగలేదేమో అనుకున్నాడు ఆయన. చెప్పొద్దూ, తన మనసులో ఏముందో ఆయనకి భార్య ప్రార్థన వింటేనే తెలిసేది.

అలాంటి మనిషి పోయింది. ఏడాది నిండడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయనగా పాస్టరుగారు దుకాణానికి వచ్చారు. చిన్న వయసు, కొత్తగా వచ్చిన పాస్టరు. తిరగేసిన డబ్బా మీద కూర్చుని, "అంకుల్, వచ్చే వారం శనివారం సాయంత్రం ఆంటీ జ్ఞాపకార్థ కూడిక మీ ఇంట్లోనే పెట్టుకుందాం. పాటలు, వాక్యం నేను చూసుకుంటాను. ఆఖరి ప్రార్థన మాత్రం మీరే చెయ్యాలి" అన్నారు.

"నేనా?"

"మీరు కాక ఇంకెవరు చేస్తారంకుల్?"

మన మెకానిక్కుకి కాదనడం రాదు. తల మాత్రం ఊపాడు. అదొక్కటి బాగా వచ్చు ఆయనకి.

మాటలు రావన్నదొక్కటే బాధ అయితే ఇంత కథ చెప్పుకోవడం దేనికి? నాలుగు ముక్కలు బట్టీపట్టి అప్పజెప్పేస్తే సరిపోయేది. లోపల ఇంకోటి ఉంది. ఆవిడ పోయిన రోజు మధ్యాహ్నం ఆయన ఒక బేకరీలో పెద్ద కూలింగ్ పెట్టె వెనక నేల మీద బోర్లా పడుకుని గ్యాసు ఎక్కిస్తున్నాడు. ఫోను మోగింది. "ఏమండీ, ఛాతీలో మంటగా ఉంది. ఒకసారి వస్తారా?" "పది నిమిషాల్లో వస్తా." వెళ్ళింది గంటా పావు తర్వాత. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటివాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈయన అక్కడికి చేరేసరికి ఏమీ మిగల్లేదు.

"పాపం, ఈయనకి తెలిసేసరికే అంతా అయిపోయింది" అని ఎవరో అన్నారు. ఈయన కాదనలేదు. ఆ రోజు కాదనలేదు, మర్నాడు కాదనలేకపోయాడు, నెల తిరిగేసరికి అది అందరికీ తెలిసిన నిజమై కూర్చుంది. ఓదార్చడానికి వచ్చిన వాళ్ళు ఈయన కోసం ప్రార్థన చేసేవాళ్ళు, ఈయన ఆమెన్ అనేవాడు. అన్న ప్రతిసారీ దొంగ సంతకం పెట్టినట్టుండేది.

ఇంకా పెద్ద బాధ కూతురు. ఒక్కతే కూతురు. రెండు వీధుల అవతల ఉంటుంది, బళ్ళో టీచరు. తల్లి ఫోను ఆ రోజే తీసుకుని "నా దగ్గర ఉండనియ్యి నాన్నా" అంది. ఒకసారి ఫోటోలు చూద్దామని అడిగితే "తర్వాత ఇస్తాలే" అని మొహం పక్కకి తిప్పేసుకుంది. రోజు విడిచి రోజు వస్తుంది, వండి తెచ్చినవి డబ్బాల్లో సర్ది ఫ్రిజ్జులో పెడుతుంది, "మాత్రలు వేసుకో" అంటుంది, వెళ్ళిపోతుంది. కళ్ళలోకి మాత్రం చూడదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఈయన తనంతట తనే తేల్చేసుకున్నాడు. ఆ ఫోనులో తన నంబరు చూసింది. పిలిస్తే వెళ్ళలేదని తెలుసుకుంది. అందుకే ఇలా.

ఆయనకి కావలసింది ఇంతే. కూతురు మళ్ళీ మొహంలోకి చూసి మాట్లాడాలి. దానికి నిజం చెప్పాలి. కూతురికి చెప్పే ధైర్యం లేదు. పోనీ ముందు దేవుడికి చెప్పుకుందామంటే, ఆ పని ఎలా మొదలుపెడతారో తెలీదు. అరవయ్యో ఏట చర్చి మనిషికి ప్రార్థన రాదంటే నవ్వరూ!

ఆ సాయంత్రం దుకాణంలో రెండు ఫ్రిజ్జుల మధ్య మోకాళ్ళేశాడు. "ప్రభువా" అన్నాడు. కంప్రెసర్ గుర్రుమంటోంది. ఇంకేం తోచలేదు. చివరికి లేచి, బాగుచేయడానికి వచ్చిన సరుకుకి కట్టే అట్టముక్క ఒకటి తీసుకున్నాడు. దాని మీద మూడు గీతలుంటాయి. ఎవరిది, కంప్లైంటు ఏమిటి, ఎప్పటి నుంచి. మొదటి దాంట్లో "నాది" అని రాశాడు. మూడో దాంట్లో తేదీ, టైముతో సహా రాశాడు. మధ్య గీత దగ్గర పెన్ను ఆగిపోయింది. తెలియనప్పుడు ఆయన "చూడాలి" అని రాస్తాడు. ఇక్కడా అదే రాసి, అట్టముక్క జేబులో పెట్టుకున్నాడు.

చూడాలంటే చూడాలి కదా. మర్నాటి నుంచి ఆయనకి కొత్త జబ్బు పట్టుకుంది. రిపేరుకి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ, తెలిసిన వాళ్ళయితే చాలు, స్క్రూలు విప్పుతూ విప్పుతూ అడిగేసేవాడు. "ఒక సందేహమండీ. మీరు దేవుడితో ఏం మాట్లాడతారు?"

రిటైరైన హెడ్మిస్ట్రెసమ్మ కళ్ళజోడు సర్దుకుని డైరీ తెచ్చి చూపించింది. ప్రార్థన అంశాలన్నీ వరసగా ఉన్నాయి, జవాబు వచ్చినవాటికి ఎర్ర టిక్కులు. ఈయన ఆసక్తిగా తిరగేశాడు. "మరి దిగులుగా ఉంటే ఎక్కడ రాస్తారమ్మా?" ఆవిడ డైరీ వెనక్కి తీసుకుని, "దిగులు అంశం కాదు కదా" అంది. మళ్ళీ, "అవునా?" అని ఈయన్నే అడిగింది. ఈయనకేం తెలుసు! డోరు రబ్బరు మార్చి వచ్చేశాడు.

సిటీ బస్సు డ్రైవరు ఇంకో రకం. "నాకు టైమెక్కడిది మావయ్యా! రెడ్ సిగ్నల్ పడితే మొదలుపెడతా, గ్రీన్ పడితే ఆపేస్తా. మిగతాది వచ్చే సిగ్నల్లో. ఒక్కోసారి కోపమంతా ఒక సిగ్నల్లో చెప్పి, సారీ ఇంకో సిగ్నల్లో చెప్తా." "కోపం కూడా చెప్తావా?" "చెప్పకపోతే బస్సులో జనం మీద పడతా కదా!" ఈయన పకపకా నవ్వాడు. నవ్వి ఎన్నాళ్ళయిందో. దారి పొడుగునా అదే ఆలోచన. కోపం చెప్పుకోవచ్చా? అక్కడ తీసుకుంటారా దాన్ని?

అసలు సంగతి వదినగారింట్లో తెలిసింది. వదిన అంటే పోయిన భార్యకి అక్క. ఒంటరి మనిషి, బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది, నోరు మాత్రం కుట్టుకోదు. ఆవిడ ఫ్రిజ్జు కింద నీళ్ళు కారుతున్నాయంటే వెళ్ళాడు. తలుపు తీసే ఉంది. వంటగదిలోంచి ఒకటే గొడవ.

"నీకు బుద్ధుందా అని అడగను, పెద్దవాడివి. కానీ వరసంటూ ఒకటుంటుంది కదా? అక్కని నేనుండగా చెల్లెల్ని పిలుచుకోవడమేంటి? నాకు తోడు అదొక్కతే అని నీకు తెలీదా? నాకు ఏడుపొస్తోంది, ఎవరి దగ్గర ఏడవను? చెప్పు!"

ఎవరో చుట్టాలొచ్చారు కాబోలు, తప్పు సమయంలో వచ్చాను అనుకుని ఈయన వెనక్కి తిరగబోయాడు. అంతలో ఆవిడ గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"ఏం మరిదీ, వచ్చి అలా వెళ్ళిపోతున్నావు?"

"లోపల ఎవరో ఉన్నట్టున్నారు కదా వదినా."

"ఎవరున్నారు నా మొహం! ప్రార్థన చేసుకుంటున్నా."

ఈయన చేతిలో సంచీ కింద పెట్టేశాడు. "అది ప్రార్థనా? తిడుతున్నావు కదా!"

"తిడతాను. పరాయివాళ్ళనయితే తిట్టలేం. మనవాళ్ళనే తిడతాం."

"మరి ఆయన ఏమంటాడు?"

"ఏమీ అనడు. వింటాడు."

"విన్నట్టు ఎలా తెలుస్తుంది?"

వదిన వంటగదిలోకి నడిచి గరిటె గిన్నె మీద పెట్టింది. ఇన్నేళ్ళలో ఈ మనిషి ఒక్కరోజున ఇన్ని ప్రశ్నలు అడగడం ఆవిడ చూసింది లేదు. "ఎలా తెలుస్తుందంటే... ఏం చెప్పను? అద్దం ముందు తిట్టుకుంటే ఇంకా మండుతుంది. అక్కడ తిడితే కాసేపటికి ఏడుపొస్తుంది. ఏడిచాక ఆకలేస్తుంది. ఎవరో విన్నారన్నమాట. నాకు తెలిసిన లెక్క అంతే."

ఈయన ఫ్రిజ్జు ముందుకి లాగి, వెనక కూర్చుని, నీళ్ళు పోయే గొట్టం చూడ్డం మొదలెట్టాడు. మొహం కనిపించకపోతే మాట సులువు. "వదినా, తప్పు మనదే అయితే? అప్పుడెలా?"

 ఆవిడ ఎదురు ప్రశ్న వేసింది, "గ్యాసు లీకైతే నువ్వేం చేస్తావు?"

"సబ్బు నురగ రాస్తాను. ప్రతి అతుకు మీదా. ఎక్కడ బుడగొస్తే అక్కడ."

"లీకు లేదనుకుని ఊరికే గ్యాసు ఎక్కిస్తే?"

"ఎక్కించినంతా పోతుంది."

"ఏడాదిగా అందరూ నీకు ఆదరణ ఎక్కిస్తున్నారు, ఏం నిలిచింది?" అంది వదిన. ఏమిటని అడగలేదు, గుచ్చలేదు. "అడగందే అమ్మయినా పెట్టదు మరిదీ. నీ బదులు అడిగే మనిషి ఇప్పుడు లేదు. నువ్వే అడుక్కోవాలి. టీ తాగుతావా?"

తాగాడు. గొట్టం శుభ్రం చేశాడు. అయినా ఏమాటకామాటే చెప్పుకోవాలి, ధైర్యం మాత్రం రాలేదు. శుక్రవారం తిన్నగా పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి "రాసివ్వండి బాబూ, చదివేస్తాను" అన్నాడు. ఆయన పాపం సంతోషంగా ఒక పేజీ నిండా రాసిచ్చారు. చక్కటి దస్తూరీ, చక్కటి మాటలు. షోరూములో పెట్టిన ఫ్రిజ్జులా ఉంది, తళతళలాడుతూ, లోపల ఒక్క గిన్నె లేకుండా.

శనివారం సాయంత్రం అయిదున్నరకల్లా చర్చి నుంచి కుర్చీలొచ్చాయి. ముందు గది నిండిపోయింది, గుమ్మం బయట కూడా నలుగురు నిలబడ్డారు. హెడ్మిస్ట్రెసమ్మ, డ్రైవరు, వదిన అందరూ ఉన్నారు. కూతురు వంటింటి గుమ్మం దగ్గర టీ గ్లాసులు సర్దుతోంది. పాటలయ్యాయి, వాక్యం అయింది. "ఇప్పుడు అంకుల్ ప్రార్థనతో ముగిద్దాం" అన్నారు పాస్టరుగారు.

మెకానిక్కు కుట్టు మిషను పక్కన చాప మీద మోకాళ్ళేసి, కాగితం విప్పాడు. "పరలోకమందున్న తండ్రీ, నీవు నీ సన్నిధికి చేర్చుకున్న మా ప్రియ సహోదరిని బట్టి..."

ఆగిపోయాడు. సహోదరి ఏమిటి? ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన పెళ్ళాన్ని పట్టుకుని సహోదరి అనడానికి నోరెలా వస్తుంది? పాస్టరుగారు తన వైపు నుంచి రాసేశారు, ఈయన అంతకుముందు సరిగా చూసుకోలేదు. కాగితం మడిచాడు. గదిలో ఎవరో దగ్గారు. ఫ్యాను తిరుగుతోంది.  ఇంక మౌనం భరించలేక, ఏళ్ళ తరబడి అలవాటు మరి, ఆయన నోట్లోంచి గబుక్కున పడిపోయింది.

"ఆమెన్."

"ఆమెన్" అన్నారందరూ. హమ్మయ్య అనుకుంటూ లేచారు. కుర్చీలు కిర్రుమన్నాయి, కూతురు టీ పళ్ళెం అందుకుంది, "పాపం, దుఃఖంలో మాట రాలేదు" అని ఎవరో గొణిగారు. ఆ మాట వినగానే ఈయన మొహం ఎర్రబడింది. మళ్ళీ అదే! మళ్ళీ తన బదులు ఇంకొకళ్ళు చెప్పేస్తున్నారు, తను ఊరుకుంటున్నాడు.

"ఆగండి" అన్నాడు. "కూర్చోండి. నేనింకా మొదలుపెట్టలేదు."

అందరూ మళ్ళీ కూర్చున్నారు. కొందరు కళ్ళు మూసుకున్నారు, కొందరు మర్చిపోయారు.

"ప్రభువా, నాకిది రాదు. ఆవిడ చేసేది, నీకు తెలుసు. ఆ రోజు ఆవిడ నాకు ఫోను చేసింది. రెండూ ఇరవైకి. ఛాతీలో మంటగా ఉంది, ఒకసారి రమ్మంది. పది నిమిషాల్లో వస్తానన్నాను. గంటా పావు వెళ్ళలేదు. గ్యాసు సగంలో ఉంది, వదిలి ఎలా వెళ్తాను అని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. వాల్వు కట్టేసి వెళ్ళొచ్చు, నా పని నాకు తెలీదా? ప్రతిదానికీ పిలుస్తుందిలే అనుకున్నాను. అదీ నిజం. నాకు తెలియక రాలేదని అందరూ అనుకున్నారు, అనుకోనిచ్చాను. ఇప్పుడు నాకు ఇల్లంటే భయమేస్తోంది. నా మీద నాకే అసహ్యంగా ఉంది. నీ మీద కూడా కోపంగా ఉంది. నేను వెళ్ళలేదు సరే, నువ్వయినా ఓ గంట ఆగొచ్చు కదా అని. నా కూతురికి ఇదంతా తెలుసు. అందుకే నా మొహం చూడదు. చూడమని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. నన్నేం చేస్తావో నీ ఇష్టం. ఒక్కణ్ణే ఇంక మొయ్యలేను."

చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కళ్ళు తెరవలేదు. అసలేమైనా అవుతుందా అని చెవులొగ్గి ఉన్నాడు. వంటింటి గుమ్మం దగ్గర టీ పళ్ళెం నేల మీద పెట్టిన చప్పుడైంది.

"నాకు తెలీదు నాన్నా" అంది కూతురు.

ఆయన తలెత్తాడు. ఆ అమ్మాయి గుమ్మం దగ్గరే మోకాళ్ళ మీద కూలబడింది. ముందు నాన్నతో మొదలుపెట్టి, మధ్యలో దేవుడితో మాట్లాడుతోంది.

"నీకు చేసిందని నాకు తెలీనే తెలీదు. ఆ ఫోను నేను తెరవలేదు. నాకే ముందు చేసింది. రెండూ పదిహేనుకి. స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతున్నాను. మోగుతూనే ఉంది, బోర్లా పెట్టేశాను. తర్వాత చేద్దాంలే అనుకున్నాను ప్రభువా. చెయ్యలేదు. నేను ఎత్తి ఉంటే అమ్మ బతికేదేమో. ఆ ఫోను చూస్తే నాన్నకి తెలిసిపోతుందని బీరువాలో పెట్టి తాళం వేశాను. నాన్న మొహం ఎలా చూడను? నాకూ... నాకూ భయమేస్తోంది."

ఏడాది! రెండు వీధుల దూరంలో తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకరికొకరు భయపడుతూ, ఒకే బరువుని వేరు వేరు ఇళ్ళలో దాచుకుని తిరిగారు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరుగారు వాక్యం చెప్పబోయి, మంచివాడు, మానేశారు.

మెకానిక్కు లేవలేదు. చాప మీద కొంచెం పక్కకి జరిగాడు. "ఇలా రా అమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి మోకాళ్ళ మీదే వచ్చి, ఆయన పక్కన కూర్చుని, ఆయన మొహంలోకి చూసింది.